రెండో తూకం

పెద్దవాగు పొంగి కుమ్మరివాడలో ఆరబెట్టిన పచ్చికుండలన్నిటినీ ఎత్తుకుపోయిందే, ఆ మరుసటి ఎండాకాలం సంగతి ఇది. కాగితాల మీద అరవై రెండో అరవై మూడో రాసి ఉంటుంది. ఆర్మూరులో ఆ సంవత్సరాన్ని అంకెతో చెప్పిన మనిషి లేడు. కుండలు పోయిన ఏడు అంటే అందరికీ తెలిసేది.

దడ్వాయి కాశీరాం ఇంటి ముందు కూర్చుని కాంటా తాళ్లు మారుస్తున్నాడు. దడ్వాయి అంటే పంటలు అమ్మే గంజ్‌లో పసుపు తూచేవాడు. పాత తాళ్లను విప్పి పక్కన పెట్టాడు. కొత్త తాళ్లను నీళ్లలో తడిపి, మోకాలికి తన్నిపెట్టి లాగి, ముడి వేసి, మళ్లీ లాగాడు. రెండు తక్కెళ్లనూ దూలానికి తగిలించి వట్టి కాంటాను పైకెత్తి చూశాడు. ముల్లు నిలువుగా నిలబడింది. పాసంగం లేదు, ఏ పక్కకూ మొగ్గలేదు. అయినా ఎడమ తక్కెడను కుడివైపుకు, కుడి తక్కెడను ఎడమవైపుకు మార్చి ఇంకోసారి ఎత్తాడు. తండ్రి నేర్పిన పద్ధతి అది. తండ్రి పోయి ఇరవై ఏళ్లయినా ఒక్క రోజు తప్పలేదు.

"ఎన్నిసార్లు జూస్తవే బావా? అది నీ పెండ్లామా, తక్కెడనా?"

నర్సింలు. గంజ్‌లో హమాలీలకు మేస్త్రి. వరుసకు బావమరిది. పిలవకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంగవ్వ లోపలినుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. చెంబు ఎత్తి తాగి, మూతి తుడుచుకున్నాడు.

"రేపేనట గద కోర్టు" అన్నాడు.

"ఆఁ."

"ముత్తెన్న దిక్కు సాక్ష్యం నువ్వేనట."

"సమన్లు వచ్చినయి. పోకుంటే ఎట్ల?"

"పో. పోవద్దని ఎవలన్నరు? కోర్టన్నంక పోవాలె." నర్సింలు తల ఎత్తి ఇంటి కప్పు వైపు చూశాడు. కప్పు మీది గడ్డిని చూశాడు. దొడ్లో ఆవు కోసం వేసిన గడ్డివామును చూశాడు. లేచి వెళ్లి వాములోంచి ఒక పోచ గుంజి, వేళ్ల మధ్య నలిపాడు. అది పొడి అయింది.

"మస్తు ఎండింది బావా. గిసొంటి ఎండలల్ల జర పైలం ఉండాలె. పిల్లలు గల్ల ఇల్లు."

పొడిని ఊది, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. మంగవ్వ చెంబును తీసుకోలేదు. అది అరుగు మీదే ఉంది.

"ఏమంటడు?" అంది.

"గడ్డి ఎండిందంటడు."

"మనకు తెల్వదా?"

కాశీరాం ముల్లు చూస్తున్నాడు.

దీపాలు పెట్టేవేళ గడ్డివాము అంటుకుంది. వాడకట్టంతా నీళ్లు మోసింది. ఇల్లు దక్కింది. ఆవును విప్పి వీధిలోకి తోలారు. వాము ఉన్నచోట నల్లటి మన్ను మిగిలింది. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు. చూసినవాళ్లు కూడా చూడలేదు.

గంజ్‌లో తూకానికి ఒక చదువు ఉంది. మొదటి తూకానికి దడ్వాయి ఒకటి అనడు. లాభం అంటాడు. రెండో తూకానికి రెండు. అక్కడినుంచి మూడు, నాలుగు. ఏ అంకె అన్నాడో ఆ అంకెనే, తర్వాతి తూకం తక్కెట్లో పడేదాకా ఆపకుండా అంటూ ఉంటాడు. మూడే మూడు, మూడే మూడు, మూడే మూడు. మధ్యలో దగ్గకూడదు. నీళ్లు తాగకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆపితే లెక్క పోతుంది. రైతూ మర్చిపోతాడు, రాసే గుమస్తా మర్చిపోతాడు. దడ్వాయి గొంతే అక్కడ చిట్టా.

రెండేళ్ల కింద భూమేశ్వర్ సేటు, ఇంకో నలుగురు అడ్తిదార్లు, గంజ్‌లో పసుపు కొనే వ్యాపారులు, ఒక్కటయ్యారు. లాభం దేవుడిది అన్నారు. లెక్క దాని తర్వాతినుంచి అన్నారు. అప్పటినుంచి దడ్వాయిలు లాభం అని, రెండో తూకానికి ఒకటి అంటున్నారు. ప్రతి రైతు కుప్పలోనూ ఇరవై కిలోల తూకం ఒకటి గాలికి పోతుంది. ఇదేమిటని అడిగిన రైతు పసుపును అయిదు అడ్తిల్లోనూ ఎవరూ వేలం పాడరు. కుప్ప ఎండలో పడి ఉంటుంది. మబ్బు పడితే రైతే వచ్చి కాళ్లు పట్టుకుంటాడు. దేవుడి పేరు చెప్పారు కాబట్టి పది మందిలో గట్టిగా అడగడానికీ రైతుకు నోరు రాదు.

ఏర్గట్ల ముత్తెన్న ఒక్కడు అడిగాడు. అడిగి, కోర్టుకు పోయాడు. సేటు చిట్టాలో ఏమి రాసి ఉందో సేటు చిట్టాయే చెబుతుంది. నోటితో చదివినది చెప్పగలిగినవాడు ఒక్కడే. ఆ రోజు కాంటా కాశీరాముది.

కోర్టులో బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు. మొదటి పిలుపుకే కాశీరాం లేచాడు. అయినా మిగతా రెండూ పిలిచాడు. బోనులో నిలబెట్టి ప్రమాణం చేయించారు. ఒంటిమీది బట్టలు రాత్రి పొగ వాసన వేస్తున్నాయి. మంగవ్వ ఉతుకుతానంటే ఆరవని వద్దన్నాడు.

ముత్తెన్న తరఫు వకీలు తుకారాం. ముసలివాడు, మెల్లగా అడుగుతాడు.

"ముత్తెన్న పసుపు తూచింది నువ్వేనా?"

"నేనే."

"కాంటాల పాసంగం ఉండెనా?"

"నా కాంటాల పాసంగమా?" కాశీరాం గొంతు లేచింది. "నలబై ఏండ్లల్ల లేదు సాబ్."

"మంచిది. మొదటి తూకానికి ఏమని చదివినవ్?"

"లాభం."

"రెండో తూకానికి?"

కోర్టు గదిలో వెనక గోడకు ఆనుకుని నర్సింలు నిలబడ్డాడు. చేతిలో అగ్గిపెట్టె. దాన్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మారుస్తున్నాడు. లోపల పుల్లల చప్పుడు ఎవరికీ వినపడదు. కాశీరాముకు వినపడింది.

"రెండో తూకానికి ఏమన్నవ్ కాశీరాం? రెండన్నవా, ఒకటన్నవా?"

"యాదికి లేదు."

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్లీ అడిగాడు. కాశీరాం మళ్లీ అదే మాట అన్నాడు. గుమస్తా రాసుకున్నాడు. మధ్యాహ్నానికి దావా కొట్టేశారు.

వసారాలో ముత్తెన్న బీడీ ముట్టించబోయి, పుల్ల గీకి, అది ఆరిపోయేదాకా చూశాడు.

"యాదికి లేదా కాశీరాం" అన్నాడు. అరవలేదు. "పదేండ్ల పిల్లగానివప్పుడు మీ అయ్య పక్కకు నిలవడి చదువుతుంటివి. నా పసుపు గాదు, మా అయ్య పసుపు. నాకు యాదికుంది."

కాశీరాం నేలవైపు చూశాడు.

"పటేలా..."

"ఊకో. ఇప్పుడు మాట్లాడితే ఎవలింటరు? మాట్లాడేతప్పుడు మాట్లాడకపోతివి."

సాయంత్రం నర్సింలు కాశీరాం ఇంటికి తలకు చుట్టుకునే కొత్త రుమాలు తెచ్చాడు. ఎర్ర అంచు, తెల్లటి బట్ట, ఇంకా గంజి పెళపెళలాడుతోంది. సేటు ఇమ్మన్నాడని మంగవ్వ చేతిలో పెట్టాడు. ఇకనుంచి సేటు అడ్తిలో పెద్ద కుప్పలన్నీ బావ కాంటాకే అన్నాడు. పోతూ పోతూ ఆవు వైపు చూసి, పాపం బక్కగయిందే అన్నాడు.

మంగవ్వ రుమాలును రెండు చేతుల మీద పరిచి పట్టుకుంది.

"గడ్డి కాలవెట్టి బట్ట పంపిండ్రు" అంది. "ఆవుకు వెయ్యన్నా? తింటదేమో."

కాశీరాం దాన్ని తీసుకుని ఇంటి దూలానికి తగిలించాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు.

"తిను" అంది మంగవ్వ.

"నువ్వన్నా అడుగుతలేవు."

"ఏమడగాలె?"

"రెండో తూకానికి ఏమన్ననని."

"నాకెందుకు? నాకు తెల్వదా ఏంది? ఊరందరికి ఎర్కే. నీకొక్కనికే యాదికి లేనిది."

మరునాడు పొద్దున్నే కాశీరాం తుకారాం వకీలు ఇంటికి వెళ్లాడు. వకీలు వాకిట్లో వేపపుల్ల నములుతున్నాడు. కాశీరాం చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు.

"సాబ్, నేను దావా వేస్త."

"ఎవరి మీద?"

"నర్సింలు మీద. సేటు మీద. అయిదుగురి మీద. నన్ను బెదిరిచ్చి నా నోరు మూసిండ్రు. నా నోట్లది గుంజుకున్నరు. అది నాకు ఇయ్యాలె."

వకీలు ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"కాశీరాం, నీ గడ్డివాము కాలింది. దానికి దావా వెయ్యొచ్చు. గడ్డి నీది. గడ్డికి వెల ఉంటది. ఎవడు పెట్టిండో చూసినోడు కావాలె. ఉన్నడా?"

"లేడు. నాకు గడ్డి వద్దు సాబ్."

"మరి?"

"నా మాట."

"నీ మాట పోతే నష్టం ఎవరికైంది? దావా ఎవరిది?"

"ముత్తెన్నది."

"గదే చెప్తున్న. దావా తెచ్చేటోడు నష్టపోయినోడై ఉండాలె. నువ్వు సాక్షివి. సాక్షికి కోర్టుల గెలుపు లేదు, ఓటమి లేదు. నీ నోరు మూస్తే పోయింది ముత్తెన్న పసుపు. ఆ హక్కు ముత్తెన్నది. నీది కాదు."

"బెదిరింది నేను గద సాబ్."

"బెదిరింది నువ్వు. ఓడింది ఆయన." వకీలు చేతులు విప్పి చూపించాడు. "ఆయనను తోల్కరా. ఇద్దరు గల్సి వస్తే ఏదన్న రాయొచ్చు. ఇంకొకటి ఉన్నది. అది ఆయన వచ్చినంక చెప్త."

ఏర్గట్లకు సగం దూరం బస్సు ఎక్కి, సగం నడిచాడు. ముత్తెన్న కళ్లంలో పసుపు ఉడికించడం అయిపోయి పదిహేను రోజులైంది. ఎండిన కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి ఇద్దరు మనుషులు పిడి పట్టి తిప్పుతున్నారు. పొట్టు దుమ్ముగా లేస్తోంది. ముత్తెన్న తల్లి రామవ్వ నేలమీద కూర్చుని కొమ్ములు ఒకవైపు, గుండ్రటి మండలు ఒకవైపు వేస్తోంది. కనుబొమ్మలదాకా పచ్చగా ఉంది.

"దడ్వాయి అచ్చిండు" అంది రామవ్వ, తల ఎత్తకుండానే. "కూసోమను. నిలవడి నిలవడి కాళ్లు గుంజుతయి ఆయనకు. కోర్టుల గూడ మస్తు సేపు నిలవడె."

డ్రమ్ము తిప్పేవాళ్లు నవ్వారు. కాశీరాం నిలబడే ఉన్నాడు. వకీలు చెప్పింది చెప్పాడు. ముత్తెన్న వింటూ డ్రమ్ములోకి చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి, గోరుతో గీకి చూసి, మళ్లీ లోపల వేశాడు.

"ఇంకో వందసార్లు తిప్పుండ్రి" అన్నాడు వాళ్లతో. తర్వాత కాశీరాం వైపు తిరిగాడు. "నేను రాజీ అయిన."

"ఎప్పుడు?"

"నిన్ననే. కోర్టుకెంచి నేరుగ సేటు తానికే పోయిన. ఇంక దావా గీవా వెయ్యనని ఏలుముద్ర వెట్టిన. మిగిలిన పసుపు కొంటనన్నడు. ఎల్లుండి పొద్దున గంజ్‌కు తెస్తున్న."

"పటేలా, హక్కు నీకే ఉందట. నాకు లేదట."

"ఉంటే? హక్కును కల్లంల పోసుకోవాల్నా? వాన వడితే పసుపు బూజు వడ్తది. హక్కు మీద తాటాకులు గప్పి కూసుంటనా?"

"నేనీసారి చెప్త. రెండన్ననా, ఒకటన్ననా..."

"ఏందన్నది నాకు తెల్వదా?" ముత్తెన్న గొంతు మొదటిసారి లేచింది. "నాకు తెలుసు. నా తల్లికి తెలుసు. గీ డ్రమ్ము తిప్పేటోళ్లకు తెలుసు. నాకు చెప్పుడెందుకు? చెప్పేకాడ చెప్పకపోతివి. పో కాశీరాం. నీ మీద కోపం లేదు. నాకిప్పుడు ఎవల మీదా లేదు."

రామవ్వ లేచి, చేతులు దులుపుకుని, ఒక చెంబు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కాశీరాం తాగాడు. ఆమె చేతివేళ్ల గుర్తులు చెంబు మీద పచ్చగా ఉన్నాయి.

"ఎల్లుండి కాంటా నీదేనట గద" అంది.

"నాదేనట."

"మంచిగ చదువు" అంది. ఎగతాళో కాదో అతనికి తెలియలేదు.

ఆ మరునాడు కాశీరాం ఒక్కడే కోర్టుకు పోయాడు. వకీలు రానన్నాడు. వద్దని కూడా చెప్పాడు. బయట చెట్టు కింద అర్జీలు రాసే ఆయనకు చెప్పి రాయించాడు. ఆయన రాస్తూ రాస్తూ రెండుసార్లు ఆగి, నిజంగానే రాయాల్నా అన్నాడు. రాయమన్నాడు. కింద వేలిముద్ర వెయ్యబోతే, సంతకం రాదా అన్నాడు ఆయన. వస్తుంది. మూడో తరగతిదాకా చదివాడు. మూడు అక్షరాలు కూడబలుక్కుని సంతకం చేశాడు.

మున్సిఫు చిన్నవాడు. కోస్తా జిల్లాలవాడు. పొద్దుటి పని అయ్యాక చాంబర్లోకి రమ్మన్నాడు. కాగితం బల్లమీద పెట్టించుకుని, మొదటి రెండు వరుసలు చదివి ఆగాడు.

"ఏమయ్యా, మొన్న బోనులో నిలబడ్డది నువ్వే కదూ?"

"నేనే సాబ్."

"ఈ దావాలో నీకు జరిగిన నష్టం ఏమిటి?"

"నోరు సాబ్."

"అలా కాదు. నీ ఆస్తికి, నీ ఒంటికి, నీ పనికి ఏం నష్టం జరిగిందో చెప్పు. పని పోయిందా?"

"లేదు సాబ్. పని పెరిగింది."

మున్సిఫు మొహంలో ఏదో కదిలింది. నవ్వు కాదు. కాగితాన్ని బోర్లా తిప్పి బల్లమీద పెట్టాడు.

"చూడు పెద్దాయనా. సాక్షిని బెదిరిస్తే నష్టం ఆ దావా వేసినవాడికి. ఆయన రాజీ అయిపోయాడు. నీకు ఈ దావా తెచ్చే అర్హత లేదు. అది ఒకటి. రెండోది, ఇందులో ఏం రాయించావో నీకు తెలుసా? ప్రమాణం చేసి అబద్ధం చెప్పానని రాయించావు."

"అవు సాబ్. చెప్పిన."

"చెప్పానంటే నేరం. నీ నేరం. నేను ఇది పూర్తిగా చదివి దాఖలు చేసుకుంటే, నీ మీద కేసు పెట్టమని రాయాల్సి వస్తుంది. అయిదుగురు అడ్తిదార్ల మీద ఏమీ ఉండదు. ఆ మేస్త్రి మీదా ఉండదు. నువ్వొక్కడివే జైలుకు పోతావు. అర్థమైందా?"

అర్థమైంది. కాశీరాం రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి గంజ్ వైపునుంచి దడ్వాయిల గొంతులు సన్నగా వినపడుతున్నాయి. పన్నెండే పన్నెండు. పన్నెండే పన్నెండు. గొంతును బట్టి అది తోటి దడ్వాయి, శాంతవ్వ మొగుడు అని పోల్చుకున్నాడు. పన్నెండు అంటే పదమూడు.

"దాఖలు చేస్కోండ్రి సాబ్" అన్నాడు.

"ఏమిటి?"

"జైలుకు పోత. కాని రాయుండ్రి. రెండో తూకానికి ఒకటి అని చదివిన అని. చదివిచ్చిండ్రు అని."

మున్సిఫు అతని మొహం చూశాడు. మంచివాడే. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, లేచి వచ్చి, కాశీరాం చొక్కా జేబులో తనే పెట్టాడు.

"నేను చదవలేదు. నువ్వు రాలేదు. ఇంటికి వెళ్లు. మనవలున్నారా?"

"ఇద్దరు."

"వెళ్లు."

బయట బంట్రోతు, ఏమైందే ముసలాయనా, డిక్రీ ఇచ్చిండా అని అడిగి తనే నవ్వాడు. కాశీరాం మెట్లు దిగాడు. జేబులో కాగితం గుచ్చుకుంటోంది. అంత దయగా తన చొక్కా జేబులో ఎవరూ ఎప్పుడూ ఏదీ పెట్టలేదు. తిట్టి గెంటేసినా బాగుండేదనిపించింది.

ఇంటి దగ్గర మంగవ్వ పక్కింటివాళ్లు ఇచ్చిన గడ్డిమోపును ఆవు ముందు విప్పుతోంది.

"ఏమాయె?"

"నాకు హక్కు లేదట."

"దేనికి?"

"బుగులు వడ్డదానికి."

ఆమె గడ్డి విదిలించి వేసింది. "బుగులు వడేతప్పుడు హక్కుందా లేదా అని ఎవలన్న అడిగిండ్రా?"

మోపు అంతా విప్పాక, తనలో తాను అన్నట్టు అంది. "మొన్ననే ఇల్లు గూడ కాలితే అయిపోతుండె. ఇంకేం కాలవెడ్తరని కోర్టుల నిజం చెప్తుంటివి."

కాశీరాం ఆమెవైపు చూశాడు. ఆమె ఆవువైపు చూస్తోంది. అతను జేబులోంచి కాగితం తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు. తిరగేసి చూసి, పొయ్యి పక్క గూట్లో పెట్టింది.

తెల్లారి ఎప్పటిలాగే లేచాడు. ముఖం కడుక్కుని, కాంటా భుజానికి వేసుకుని, దూలానికి వేలాడుతున్న కొత్త రుమాలును తీసి చంకలో పెట్టుకున్నాడు. తలకు పాతదే చుట్టుకున్నాడు.

గంజ్‌లో సేటు అడ్తి ముందు ముత్తెన్న కుప్ప పోసి ఉంది. రెండు బండ్ల పసుపు. రామవ్వ కూడా వచ్చింది. కుప్ప అంచుకు కూర్చుని, పక్కకు దొర్లిన కొమ్ములను చేత్తో లోపలికి తోస్తోంది. సేటు గద్దె మీద ఉన్నాడు. గుమస్తా తొడమీద చిట్టా పెట్టుకుని కలం సిరాలో ముంచాడు. నర్సింలు నలుగురు హమాలీలను నిలబెట్టాడు.

కాశీరాం మూడు కర్రలు పాతి, కాంటా వేలాడదీశాడు. వట్టి కాంటా ఎత్తి ముల్లు చూశాడు. తక్కెళ్లు మార్చి ఇంకోసారి చూశాడు. కుడి తక్కెట్లో పాత పసుపు దుమ్ము అంటి ఉంది. చంకలోంచి కొత్త రుమాలు తీసి, దాన్ని దులిపి, తక్కెడను లోపలా బయటా తుడిచాడు. తెల్లటి బట్ట పచ్చబడింది. దాన్ని ఉండ చుట్టి కర్ర మొదట్లో పడేశాడు.

సేటు చూశాడు.

"కానీ" అన్నాడు నర్సింలు.

హమాలీలు గంపతో పసుపు ఎత్తి తక్కెట్లో పోశారు. రాళ్ల తక్కెడ లేచింది. ముల్లు నిలబడింది.

"లాభమే లాభం" అని ఎత్తుకున్నాడు కాశీరాం. "లాభమే లాభం. లాభమే లాభం."

గుమస్తా కలం కదపలేదు. దేవుడిది రాయరు. తక్కెడను వంచి పసుపును సేటు గోనెలో పోశారు. రెండో గంప వచ్చింది. పోశారు. ముల్లు నిలబడింది.

"రెండే రెండు."

గుమస్తా తల ఎత్తాడు.

"రెండే రెండు. రెండే రెండు."

"ఏమే బావా" అన్నాడు నర్సింలు, నవ్వుతూనే. "తెల్లారంగనే మర్లవడ్డదా? ఒకటి."

దడ్వాయి మధ్యలో ఎవరితోనూ మాట్లాడకూడదు. కాశీరాం మాట్లాడలేదు. కాంటా తాడు పట్టుకుని, ముల్లు మీదనే చూపు పెట్టి, అదే గొంతుతో, తండ్రి గొంతుతో, చదువుతున్నాడు. "రెండే రెండు."

పక్క అడ్తిలో చదువు ఆగిపోయింది. దాని పక్కది ఆగిపోయింది. సేటు గద్దె మీదనుంచి దిగలేదు. చెయ్యి ఎత్తాడు. మూడో గంప ఎత్తబోతున్న హమాలీలు దాన్ని నేలమీద దించారు.

ముత్తెన్న గబగబా దగ్గరికి వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"కాశీరాం" అన్నాడు గొంతు తగ్గించి. "నీకు దండం వెడ్త. ఒకటనురా. నా పసుపు ఇంటికి మల్లుతది. ఒకటను."

"రెండే రెండు."

"నీ లొల్లికి నా పసుపే దొరికిందా? కోర్టుల చెప్పకపోతివి, ఈడెందుకు? ఒకటనురా!"

కాశీరాం కళ్లు ముల్లు మీదినుంచి కదిలాయి. ముత్తెన్న వైపు ఒకసారి చూశాడు. కాశీరాం కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం ఆగలేదు. తర్వాతి తూకం పడేదాకా ఆపకూడదు. తూకం వేసేవాళ్లు లేరు. ఎండ ఎక్కుతోంది. నర్సింలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముత్తెన్న కుప్ప పక్కన కూలబడి తల పట్టుకున్నాడు. రామవ్వ దొర్లిన కొమ్ములను లోపలికి తోయడం ఆపి, ఒళ్లో చేతులు పెట్టుకుని వింటోంది.

"రెండే రెండు" అంటున్నాడు కాశీరాం. "రెండే రెండు. రెండే రెండు."